పాత దెబ్బలు కూడా సాక్ష్యమే: వరంగల్, హనుమకొండ ప్రాసిక్యూటర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు నమస్కారం.

గృహహింస కేసుల్లో బాధితుల వెంట స్టేషన్‌కూ, ఆస్పత్రికీ, కోర్టుకూ తిరిగే పారా లీగల్ వలంటీర్‌ను నేను. సాక్షి బోనెక్కే ముందు ఆమె పక్కన వరండాలో కూర్చునేది నాలాంటివాళ్ళమే. అక్కడ ఆమె నాతో పదేళ్ళ కాపురం గురించి చెబుతుంది. లోపలికి వెళ్ళాక ఒక్క రోజు గురించే చెబుతుంది. అదీ ఎఫ్‌ఐఆర్‌లో రాసిన రోజు. మిగతా పదేళ్ళు కోర్టు రికార్డులోకి ఎక్కడం లేదు. వాటిని ఎక్కించే అధికారం, బాధ్యత మీ చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

"పాతవన్నీ ఇప్పుడెందుకమ్మా, ఆ రోజు ఏమైందో చెప్పు." ఈ మాట స్టేషన్‌లో రైటర్ అంటాడు. పంచాయితీలో పెద్దమనుషులు అంటారు. కొన్నిసార్లు సాక్షిని తయారుచేసేటప్పుడు మీలో కొందరూ అంటున్నారు. అనేవాళ్ళకు చెడు ఉద్దేశం ఉందని నేననుకోను. కేసు చిన్నగా, సూటిగా ఉంటే నిలబడుతుందన్న నమ్మకంతో అంటారు. కానీ ఆ ఒక్క రోజును విడిగా చూపిస్తే అది మొగుడూ పెళ్ళాల గొడవలా కనబడుతుంది. ఒక చెంపదెబ్బ, రెండు బూతులు. ఇంత మాత్రానికి ఆమె పిల్లలను తీసుకుని రాత్రిపూట తల్లిగారింటికి ఎందుకు పరుగెత్తిందో జడ్జి గారికి అర్థం కాదు. అతను చెయ్యెత్తితే అది ఎక్కడిదాకా పోతుందో ఆమెకు ముందే తెలుసు. ఆ తెలియడం ఎక్కడి నుంచి వచ్చిందో కోర్టుకు తెలియకపోతే, ఆమె భయం అతిగా అనిపిస్తుంది, ఆమె సాక్ష్యం అబద్ధంలా వినిపిస్తుంది.

చట్టం దీనికి అడ్డం పడుతోందా? పడటం లేదు. మీకు చట్టం చెప్పేంతదాన్ని కాను. అయితే ఈ లేఖను బాధితులు, వాళ్ళ అన్నదమ్ములు, మహిళా సంఘాల వాళ్ళు కూడా చదువుతారు, అందుకే వివరంగా రాస్తున్నాను. 1872 నాటి సాక్ష్య చట్టం సెక్షన్ 14 కింద ఒక ఉదాహరణ ఉంది. 'ఏ' అనే మనిషి 'బి'ని కావాలని కాల్చి చంపాడని విచారణ జరుగుతోంది. అంతకుముందు కూడా 'ఏ' ఇదే 'బి' మీద కాల్పులు జరిపాడన్న సంగతి అతని ఉద్దేశాన్ని చూపిస్తుంది కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. 'ఏ'కు జనం మీద కాల్పులు జరిపే అలవాటుందన్న సంగతి మాత్రం పనికిరాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే సెక్షన్ 12గా కొనసాగుతోంది. ఫలానా మనిషి మీద ఫలానా మనిషి ఇంతకుముందు చేసిన దాడి ఒక వాస్తవం. 'అతను అలాంటివాడే' అనేది నడవడి మీద ముద్ర. నూట యాభై ఏళ్ళ కిందటే చట్టం ఈ రెంటినీ విడదీసి పెట్టింది.

డిఫెన్స్ లాయర్లు లేచి ఈ కొత్త సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 49 చూపిస్తారు. ముద్దాయి చెడు నడవడిని ప్రాసిక్యూషన్ తనంతట తాను తీసుకురాకూడదనేది ఆ సెక్షన్ (పాత చట్టంలో 54). అది మంచి నియమమే, ఉండాల్సిందే. ముద్దాయి తాగుబోతనీ, ఊళ్ళో అందరితో కొట్లాడతాడనీ మీరు చెప్పబోతే కోర్టు ఆపడం న్యాయం. కానీ అదే భార్యను మూడేళ్ళ కింద కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని చెప్పడం ఆ సెక్షన్ కిందికి రాదు. అది కక్షను చూపిస్తుంది, ఉద్దేశాన్ని చూపిస్తుంది, ఇప్పుడు తగిలిన దెబ్బ ప్రమాదవశాత్తు తగిలింది కాదని చూపిస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 85 కింద వేసిన కేసులో అయితే పాత హింస పక్క విషయం కూడా కాదు. ఆ సెక్షన్ అడిగేదే క్రూరత్వం గురించి. భర్త ప్రవర్తన ఎన్నాళ్ళుగా ఎలా సాగిందో చూపకుండా క్రూరత్వాన్ని ఎలా రుజువు చేస్తాం?

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "బాత్రూంలో జారింది", "స్టవ్ అంటుకుంది", "మెట్ల మీంచి పడ్డది". ఈ మూడు మాటలు మనందరం విన్నవే. ఒక పని యాదృచ్ఛికమా, కావాలని చేసిందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అలాంటి పాత ఘటనల వరసను చూడవచ్చని సాక్ష్య అధినియమం సెక్షన్ 13 (పాతది 15) చెబుతోంది. అక్కడి ఉదాహరణ బీమా గురించి. ఒకడు వరసగా ఇళ్ళు మారుతూ ప్రతి ఇంటికీ బీమా చేయించాడు, ప్రతి ఇల్లూ తగలబడింది, ప్రతిసారీ డబ్బు తీసుకున్నాడు. చివరి మంట ప్రమాదం కాదని చెప్పడానికి ముందటి మంటలు పనికొస్తాయి. ఇంటికి అంటుకున్న మంట విషయంలో ఈ తర్కం చెల్లినప్పుడు, ఆడమనిషి ఒంటి మీది గాయాల విషయంలోనూ చెల్లాలి. నాలుగుసార్లు జారిపడ్డ మనిషి ఐదోసారి జారిందంటే, ముందటి నాలుగు ఆస్పత్రి చీటీలూ కోర్టు బల్ల మీదికి రావాలి.

మరి ఇంత దారి ఉన్నా పాత హింస రికార్డులోకి ఎందుకు రావడం లేదు? నేను చూసినంతవరకు అది కోర్టులో ఆగిపోవడం తక్కువ. కోర్టు దాకా రాకముందే పోతోంది. మొదటి చోటు ఫిర్యాదు కాగితం. ఆమె గంటసేపు చెబుతుంది. రాసేవాళ్ళు దాన్ని "గత కొంతకాలంగా అదనపు కట్నం కోసం శారీరకంగా, మానసికంగా వేధిస్తున్నాడు" అనే వాక్యంలోకి కుదిస్తారు. అన్ని ఫిర్యాదుల్లోనూ అదే వాక్యం. రెండేళ్ళ తర్వాత ఆమె కోర్టులో చెయ్యి విరిగిన సంగతి చెబితే, క్రాస్‌లో (అవతలి లాయర్ ప్రశ్నించేటప్పుడు) మొదటి ప్రశ్న "ఇది మీరు పోలీసులకు చెప్పలేదు కదా?" అని వస్తుంది. తర్వాత దర్యాప్తు అధికారిని బోనెక్కించి "పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే ఆమె) నా ముందు అలా చెప్పలేదు" అనిపిస్తారు. ముఖ్యమైన సంగతి వాంగ్మూలంలో లేకపోవడాన్ని కూడా వైరుధ్యంగా తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది. అక్కడితో ఆమె నిజం 'ఇంప్రూవ్‌మెంట్', అంటే తర్వాత కల్పించి చేర్చిన మాట అయిపోతుంది. ఆమె చెప్పింది, రాయలేదు. శిక్ష మాత్రం ఆమెకే పడింది.

తేదీలు అడిగితే ఆమె చెప్పలేదని అధికారులు అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. మన ఊళ్ళలో ఆడవాళ్ళు కాలాన్ని క్యాలెండర్‌తో లెక్కపెట్టరు, కానీ లెక్క తప్పరు. "కరోనా అయినంక వచ్చిన జాతరకు పోయొచ్చినంక కొట్టిండు సారూ, చెయ్యి ఇరిగింది" అంటుంది. రైటర్‌కు అందులో తేదీ కనిపించదు. కానీ మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. ఆమె చెప్పిన జాతర 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా జరిగింది. అంటే ఆ నెల చివరి వారంలోనో, మార్చి మొదట్లోనో ఆమె ఎక్కడో కట్టు కట్టించుకుని ఉండాలి. ఎంజీఎం సర్కారు దవాఖానలోనా, ప్రైవేటులోనా, నాటు కట్టా అని అడిగితే ఎక్స్‌రే చీటీ దొరుకుతుంది, లేదంటే కట్టు కట్టిన మనిషి దొరుకుతాడు. "పత్తి పైసలు అడిగితే కొట్టిండు" అంటే ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీ (పంట అమ్మిన చీటీ) మీద తేదీ ఉంటుంది. "సద్దుల బతుకమ్మకు తల్లిగారింటికి పంపలే, గదిల పెట్టి గొళ్ళెం పెట్టిండు" అంటే ఏ సంవత్సరం అని ఒక్క మాట అడిగితే చాలు, రోజు తెలిసిపోతుంది. చిన్నోడి పుట్టువెంట్రుకలు, ఆడబిడ్డ పెళ్ళి, సంఘం కిస్తీ కట్టలేకపోయిన నెల, వీటన్నిటికీ ఫొటోలో, శుభలేఖో, మినిట్స్ పుస్తకమో ఉంటుంది. ఇలా రాయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కేటాయించండని దర్యాప్తు అధికారులకు మీరు చెప్పాలి. చార్జిషీటు మీ దగ్గరికి వచ్చినప్పుడు "గత కొంతకాలంగా" అన్న వాక్యం కనిపిస్తే దాన్ని వెనక్కి పంపండి, అదనపు వాంగ్మూలం తీసుకోమనండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 20 ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు కేసులను పర్యవేక్షించే పని అప్పగించింది. ఈ పని దాని కిందికే వస్తుంది.

ఇది ముద్దాయికి కూడా న్యాయం చేసే పద్ధతే. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం నుంచే వెళ్ళిన దారా లక్ష్మీనారాయణ కేసులో 498-ఏ (ఇప్పటి న్యాయ సంహిత సెక్షన్ 85కు పాత చట్టంలోని నంబరు) ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది. నిర్దిష్టమైన ఆరోపణలు లేకుండా కుటుంబంలో అందరి పేర్లూ చేర్చడాన్ని తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చాక ఆడవాళ్ళ కేసులన్నీ అబద్ధాలే అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారు, అది నాకు బాధ కలిగించింది. కానీ తీర్పు అడిగిన దాంట్లో తప్పు లేదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో చెప్పమంది. పాత ఘటనలను ఒక్కొక్కటిగా, తేదీతో, చోటుతో రాస్తే కొట్టినవాడెవడో తేలుతుంది, ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటూ పండక్కి వచ్చిపోయే ఆడబిడ్డ పేరు దానంతట అదే పక్కకు పోతుంది. పైగా ఇవన్నీ చార్జిషీటులోనే ఉంటే ముద్దాయికి ముందుగానే కాపీ అందుతుంది, జవాబు చెప్పుకునే వీలుంటుంది. బోనులో హఠాత్తుగా బయటపెట్టడం కంటే అదే న్యాయం.

రెండో చోటు ఆస్పత్రి. భర్తో, అత్తో పక్కనే నిలబడి ఉండగా "ఎట్ల తాకింది?" అని అడిగితే ఆమె "పడ్డ" అనే అంటుంది. క్యాజువాలిటీలో అదే రాసుకుంటారు. తర్వాత ఆ చీటీ డిఫెన్స్ చేతిలో ఆయుధం అవుతుంది. డాక్టర్లు ఆమెను కాసేపు ఒంటరిగా మాట్లాడించాలి, అది వేరే లేఖలో రాయాల్సిన సంగతి. మీరు చేయగలిగింది ఒకటుంది. డాక్టర్‌ను సాక్షిగా పిలిచినప్పుడు గాయం సర్టిఫికెట్ మార్క్ చేయించి పంపేయకండి. ఈ గాయం పడితే తగిలేదా, పట్టుకుని మెలిపెడితే తగిలేదా, ఒంటి మీద మానిన పాత మచ్చలు ఉన్నాయా, ఆస్పత్రికి ఆమెను ఎవరు తీసుకొచ్చారు, ఇవి అడగండి. పాత మచ్చల వయసు గురించి డాక్టర్ చెప్పే రెండు వాక్యాలు చాలా పెద్ద సాక్ష్యం.

మూడోది పంచాయితీ కాగితం. ఉత్తర తెలంగాణ ఊళ్ళలో దాదాపు ప్రతి కేసుకూ ముందు ఒక పంచాయితీ జరిగి ఉంటుంది. కులపెద్దల ముందో, సర్పంచ్ ఇంట్లోనో భర్త "ఇకపై తాగను, కొట్టను" అని రాసి సంతకం పెడతాడు. ఆ కాగితం ఆమె బీరువాలోనో, వాళ్ళ నాయన దగ్గరో ఉంటుంది. ఎవరూ అడగరు. నేరం జరిగిందని పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట ముద్దాయికి వ్యతిరేకంగా పనికిరాదు, సాక్ష్య అధినియమం సెక్షన్ 23 ఆపుతుంది. కాబట్టి స్టేషన్ కౌన్సెలింగ్‌లో రాయించిన హామీపత్రంతో చిక్కులుంటాయి. ఊళ్ళో పెద్దమనుషుల ముందు రాసిన కాగితానికి ఆ అడ్డు లేదు. "ఇకపై కొట్టను" అన్నవాడు ఇప్పటిదాకా కొట్టానని ఒప్పుకున్నట్టే కదా. సంతకాలు చేసిన పెద్దమనుషుల్లో ఇద్దరిని సాక్షులుగా పెట్టండి. వాళ్ళు వెనక్కి తగ్గవచ్చు, హోస్టైల్ కావచ్చు, అయినా కాగితం, దాని మీది సంతకం మిగులుతాయి. స్టేషన్‌లో అంతకుముందు ఇచ్చి "కాంప్రమైజ్" అయిన పిటిషన్ ఉంటే దాన్నీ, ఆ రోజు జనరల్ డైరీ ఎంట్రీనీ తెప్పించండి. అప్పుడే చెప్పిన మాట, ఇప్పుడు చెబుతున్న మాటకు బలం. సాక్ష్య అధినియమం సెక్షన్ 160 దానికోసమే ఉంది.

ఫోన్ల గురించి కొద్దిగా. తిట్టిన వాయిస్ మెసేజ్‌లు, చంపుతానన్న బెదిరింపులు ఇప్పుడు చాలామంది దగ్గర ఉంటున్నాయి. సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ లేక అవి పక్కకు పోతున్నాయి. ఫోన్ పగిలిపోకముందే, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకముందే దాన్ని పద్ధతిగా తీసుకోమని దర్యాప్తు అధికారికి చెప్పాల్సింది మీరే. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో విభోర్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక బతికి లేని ఆడవాళ్ళ గురించి. 2021 డిసెంబర్‌లో హనుమకొండ కోర్టు ప్రాంగణంలో కొత్త భవన సముదాయాన్ని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించారు. మీరు రోజూ వెళ్ళే చోటే. ఐదు నెలలకు, 2022 మేలో, ఆయన నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సురేంద్రన్ కేసులో తీర్పు ఇచ్చింది. అంతకుముందు ఒక చిక్కు ఉండేది. చనిపోయిన కోడలు తల్లికి, అక్కకు చెప్పుకున్న బాధలను మరణం తాలూకు అభియోగానికి వాడుకోవచ్చు, కానీ ఆ అభియోగం వీగిపోతే 498-ఏకు అవి పనికిరావని కొన్ని పాత తీర్పులు అనేవి. సురేంద్రన్ తీర్పు దాన్ని సరిచేసింది. ఆ కేసులో మరణ కారణం ప్రశ్నగా ఉండి, ఆమె మాటలు ఆ మరణానికి దారితీసిన పరిస్థితులకు సంబంధించినవైతే, 498-ఏకు కూడా వాటిని తీసుకోవచ్చంది. అంతకు ఏడాది ముందు సత్బీర్ సింగ్ కేసులోనూ ఆయన ధర్మాసనమే, వరకట్న మరణం సెక్షన్‌లోని 'మరణానికి కొంచెం ముందు' అంటే 'వెంటనే ముందు' అని అర్థం కాదని, వేధింపుకూ చావుకూ మధ్య సజీవమైన లంకె ఉండాలని చెప్పింది.

1984 నాటి సార్దా కేసును లా కాలేజీలో అందరూ చదివే ఉంటారు. చనిపోయిన అమ్మాయి రాసిన ఉత్తరాలను సుప్రీంకోర్టు సాక్ష్యంగా స్వీకరించింది, అయినా భర్త చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. సాక్ష్యాన్ని వినడం వేరు, దాని మీద శిక్ష వేయడం వేరు. నేను అడుగుతున్నది మొదటిదే. రెండోది జడ్జి గారి పని. కానీ వినాల్సిన దాన్ని వినిపించకుండా ఉండే హక్కు మనకు లేదు. చచ్చిపోయిన బిడ్డ తల్లి స్టేషన్‌లో కూర్చుని "నెలకోసారి ఫోన్ చేసి ఏడ్చేది సారూ" అంటుంది. ఏ నెలలో ఏం చెప్పిందో, ఆ కాల్ రికార్డులు తీయించారో లేదో మీరు పట్టించుకోకపోతే ఇంకెవరూ పట్టించుకోరు.

2005 గృహహింస చట్టం కింద దరఖాస్తులు వాదించే లీగల్ ఎయిడ్ న్యాయవాదులకూ ఇక్కడే ఒక మాట. "ఏడాది దాటింది, పాతబడిపోయింది" అనే అభ్యంతరానికి 2022 కామాక్షి తీర్పు జవాబు. గృహహింస చట్టం సెక్షన్ 12 దరఖాస్తుకు ఏడాది గడువు వర్తించదు. చట్టం అమల్లోకి రాకముందు జరిగినవి కూడా చూడవచ్చని 2012లో భనోత్ కేసులోనే తేల్చారు. ఈ రెండు తీర్పుల కాపీలు మీ బ్యాగుల్లో ఉండాలి.

క్రాస్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటుంది, "ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావు?" 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళైన 18-49 ఏళ్ళ మహిళల్లో దాదాపు 37 శాతం మంది భర్త హింసను చూసినవాళ్ళే. అదే సర్వేలో దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో ఎవరి సాయమైనా కోరినవాళ్ళు 14 శాతం. అంటే ఊరుకోవడమే మామూలు, చెప్పడం అరుదు. ఆ ప్రశ్న వచ్చేదాకా ఆగకుండా చీఫ్‌లోనే, అంటే మీ మొదటి విచారణలోనే, మీరు ఆమెను అడగండి: ఎందుకు చెప్పలేదు, ఎవరు ఆపారు, తిరిగి ఎందుకు కాపురానికి పోయావు. ఆమెకు జవాబులున్నాయి. చెల్లె పెళ్ళి కాలేదు, నాయనకు గుండె ఆపరేషన్ అయింది, పిల్లల బడి మధ్యలో ఉంది. అవే జవాబులు క్రాస్‌లో గాభరాపడుతూ చెబితే సాకుల్లా వినిపిస్తాయి.

ఒక్కోసారి బోనులో ముద్దాయిగా నిలబడేది ఆమే అవుతుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తిని ఒక రాత్రి రోకలి ఎత్తిన ఆడది. అప్పుడు మీరు ఆమెకు ఎదురు పక్షం. అక్కడా నా విన్నపం ఇదే. చనిపోయినవాడు అంతకుముందు చేసిన పనుల వల్ల ముద్దాయి మనసులో ఏర్పడిన నేపథ్యాన్ని కూడా, హఠాత్తుగా రెచ్చిపోయిందా లేదా అన్నది తేల్చేటప్పుడు చూడవచ్చని నానావతి కేసులోనే సుప్రీంకోర్టు అంది. 1989లో సుయంబుక్కని కేసులో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, చాలాకాలంగా పేరుకున్న ప్రేరేపణను గుర్తించింది. దర్యాప్తులో ఆమె పాత గాయాల చీటీలు దొరికితే వాటిని ఫైల్‌లోంచి తీసేయనివ్వకండి. ప్రాసిక్యూటర్ పని శిక్ష వేయించడం ఒక్కటే కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

పని ఒత్తిడి నాకు తెలుసు. ఒక్కో ఏపీపీకి ఎన్ని కోర్టులు, ఎన్ని ఫైళ్ళు ఉంటాయో చూస్తూనే ఉన్నాను. సాక్షితో మాట్లాడే సమయం వరండాలో ఐదు నిమిషాలు దొరకడమే గగనం. అందుకే తయారీలో కొంత మాకు వదిలేయమని అడుగుతున్నాను. పాత ఘటనల వివరాలు రాసుకునే ఒక కాగితం నమూనా మీరు తయారుచేసి ఇవ్వండి: ఎప్పుడు (పండగ, పంట, పిల్లల చదువు, ఏ గుర్తుతోనైనా సరే), ఎక్కడ, ఎవరు చూశారు, ఎవరికి చెప్పింది, ఏ ఆస్పత్రి, ఏ కాగితం ఉంది. ఫిర్యాదుకు ముందే మేము బాధితురాలితో కూర్చుని, ఆమె మాటల్లోనే, ఏమీ కలపకుండా నింపిస్తాం. ఆమె దాన్ని ఫిర్యాదుకు జతచేసి ఇస్తుంది. మండలాల్లో మహిళా సంఘాల సమావేశాలు నెలనెలా జరుగుతాయి. మీలో ఒకరు వచ్చి ఏ కాగితం దాచుకోవాలో, ఏది పారేయకూడదో ఒక గంట చెబితే, తర్వాతి కేసు మీ టేబుల్ మీదికి ఖాళీ చేతులతో రాదు. ఏ నెలలో ఎవరు రాగలరో తెలియజేస్తే ఆ మీటింగ్ ఏర్పాట్లు మేము చూసుకుంటాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి
ఒక పారా లీగల్ వలంటీర్